ములుగు గుట్టలకూ హేమ్‌కుండ్‌కూ ఒకే వాన జాకెట్ సరిపోతుందా?

మీ ప్రశ్నను నాకు అర్థమైన మేరకు ముందుగా ఒకసారి చెబుతాను. మీరు హన్మకొండలో ఉంటారు. వానాకాలంలో సెలవు దొరికినప్పుడల్లా స్నేహితులతో కలిసి రేగొండ దగ్గరి పాండవుల గుట్టకో, వాజేడు వైపు అడవుల్లోకో నడవడానికి వెళ్తుంటారు. ఈ ఆగస్టులో మొదటిసారిగా ఉత్తరాఖండ్‌లోని పూలలోయకు, అక్కడి నుంచి కొండ మీది సిక్కుల పుణ్యక్షేత్రం హేమ్‌కుండ్ సాహిబ్‌కు వెళ్లబోతున్నారు. ఆరు వేల రూపాయల లోపు ఒకే జాకెట్ కొని రెండు చోట్లా వాడుకోవాలని మీ ఆలోచన. చౌరస్తా దగ్గరి దుకాణంలో ‘వంద శాతం వాటర్‌ప్రూఫ్’ అని చూపించిన రెయిన్‌కోటు, ఆన్‌లైన్‌లో 10,000 మిల్లీమీటర్లు అని రాసి ఉన్న జాకెట్, 20,000 అని రాసి ఉన్న మరో ఖరీదైన జాకెట్, ఈ మూడింటిలో ఏది తీసుకోవాలని అడిగారు.

జాకెట్‌ను హేమ్‌కుండ్ కోసం కొనండి. అదే జాకెట్‌ను మన గుట్టలకు కూడా తీసుకెళ్లవచ్చు. కానీ మన దగ్గర అది మిమ్మల్ని పొడిగా ఉంచుతుందన్న ఆశతో మాత్రం అదనంగా డబ్బు పెట్టకండి, ఎందుకంటే ఎంత ఖరీదైన జాకెట్ అయినా ఇక్కడి వాతావరణంలో ఆ పని చేయలేదు. రెండు చోట్లా పడేది వానే అయినా, నడిచే మనిషి ఒంటికి అవి రెండు వేర్వేరు సమస్యలు.

ములుగు, భూపాలపల్లి జిల్లాల్లో ముసురు పట్టిన రోజున కూడా గాలి 24, 25 డిగ్రీల కంటే పెద్దగా చల్లబడదు. ఆ వానలో తడిసి నడిచినవారికి చిరాకు కలుగుతుంది, బట్టలు ఒంటికి ఒరుసుకుపోతాయి, అంతకు మించి ఆ తడి చేసే హాని తక్కువ. మన వానలో ప్రాణం మీదికి తెచ్చేవి వాగులు. 2023 జూలై చివరి వారంలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్ల వాన కురిసింది. ఆ వానల్లోనే ముత్యాలధార జలపాతం చూడటానికి వెళ్లిన పర్యాటకులు వాగు పొంగి అడవిలో చిక్కుకుపోతే విపత్తు దళాలు వెళ్లి బయటికి తీసుకురావలసి వచ్చింది. జాకెట్ గురించి అడిగినవారికి ఈ సంగతి ఎందుకని మీరు అనుకోవచ్చు. మంచి జాకెట్ ఒంటి మీద ఉందన్న ధైర్యంతో వాగు దాటే ఆలోచన చేయవద్దని చెప్పడానికే దీన్ని ఇక్కడ ప్రస్తావించాను.

హేమ్‌కుండ్ సంగతి వేరు. అది సుమారు 4,300 మీటర్ల ఎత్తున ఉంది. ఎత్తు పెరిగే కొద్దీ ప్రతి 1,000 మీటర్లకు సుమారు ఆరున్నర డిగ్రీల చొప్పున ఉష్ణోగ్రత తగ్గుతుంది కాబట్టి, మైదానంలో 30 డిగ్రీలు ఉన్న రోజున అక్కడ రెండు, మూడు డిగ్రీలు ఉండటంలో వింత లేదు. దారిలో చివరి బస ఊరైన ఘాంఘరియా నుంచి వెయ్యి మీటర్లకు పైగా నిలువుగా ఎక్కి, చెమటతో తడిసిన బట్టలతో పైకి చేరి, ఆ చలిలో వాన, గాలి రెండూ ఒకేసారి తగిలితే ఒంట్లోని వేడి చాలా త్వరగా పోతుంది. లోపలి ఉష్ణోగ్రత 35 డిగ్రీల కంటే పడిపోతే దాన్ని హైపోథర్మియా అంటారు: ఆగని వణుకు, మాట తడబడటం, జిప్పు కూడా వేసుకోలేనంతగా వేళ్లు మొద్దుబారడం దాని మొదటి గుర్తులు. అక్కడ జాకెట్ ఒక రక్షణ సామగ్రి. అందుకే మీ ఆరు వేలూ ఆ రోజు కోసం ఖర్చు కావాలంటున్నాను.

ఇక అంకెల సంగతి. 10,000 మిల్లీమీటర్లు అంటే, బట్ట మీద నీటి ఒత్తిడిని క్రమంగా పెంచుతూ పోయినప్పుడు 10 మీటర్ల ఎత్తున్న నీటి స్తంభం ఒత్తిడి వరకు ఆ బట్ట నీటిని ఆపిందని అర్థం. మూడు చోట్ల చుక్క కనిపించగానే అక్కడితో ఆపి ఆ ఎత్తును నమోదు చేస్తారు. ఆకాశం నుంచి పడే చినుకు ఒత్తిడి దీనితో పోలిస్తే చాలా తక్కువ కాబట్టి, ఒట్టి వానను ఆపడానికి 2,000 మిల్లీమీటర్ల బట్ట కూడా చాలావరకు సరిపోతుంది. అయితే బరువైన బ్యాగు పట్టీలు భుజాల మీద గంటల తరబడి నొక్కుతున్నప్పుడు, తడిసిన బండ మీద కూర్చున్నప్పుడు, మోకాలు నేలకు ఆనించినప్పుడు ఆ ఒత్తిడి ఎన్నో రెట్లు పెరుగుతుంది. బ్యాగు మోసేవారికి 10,000 కావాలని నేను చెప్పేది అందుకే. 20,000 అయితే కాలక్రమంలో బట్ట అరిగినా కొంత మిగులు ఉంటుంది, అంతే; ఆ రెట్టింపు అంకె వల్ల మీరు రెట్టింపు పొడిగా ఉండరు.

రెండో అంకె గురించి మరికొంత వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఎక్కువమంది మోసపోయేది ఇక్కడే. ట్యాగు మీద వాటర్‌ప్రూఫ్ అంకె పక్కన ‘10,000 గ్రాములు’ అని మరొకటి ఉంటుంది. చదరపు మీటరు బట్ట గుండా 24 గంటల్లో అంత బరువైన చెమట ఆవిరి బయటికి పోగలదని దాని భావం. ఇరవై నాలుగుతో భాగిస్తే గంటకు సుమారు 416 గ్రాములు వస్తుంది. బ్యాగుతో ఎత్తు ఎక్కుతున్న మనిషికి గంటకు అర లీటరు నుంచి లీటరు దాకా చెమట పట్టడం మామూలే. జాకెట్ కప్పే ఒళ్లు సుమారు ఒక చదరపు మీటరు అనుకుంటే, ప్రయోగశాలలో అన్నీ అనుకూలంగా ఉన్నప్పుడు వచ్చిన అంకె కూడా మీ చెమటకు చాలదని మీకే తెలుస్తుంది. పైగా ఈ పరీక్షలకు రకరకాల పద్ధతులు ఉన్నాయి. ఒక పద్ధతిలో తక్కువ వచ్చిన బట్టకే మరో పద్ధతిలో చాలా ఎక్కువ రావచ్చు కాబట్టి, ఒక కంపెనీ అంకెను ఇంకో కంపెనీ అంకెతో పోల్చి చూడటంలో అర్థం లేదు. కొన్ని జాకెట్ల మీద దీనికి బదులు ‘ఆర్‌ఈటీ’ అనే కొలత, అంటే ఆవిరి పోకుండా బట్ట ఎంత అడ్డుకుంటుందో చెప్పే అంకె, ఇస్తారు. అది ఎంత తక్కువైతే అంత మంచిది: 6 లోపు ఉంటే చాలా బాగున్నట్టు, 20 దాటితే నడకకు కష్టమైనట్టు.

చెమట ఆవిరి బట్ట గుండా బయటికి పోవాలంటే, లోపలి గాలిలోని ఆవిరి పీడనం బయటి గాలిలోని పీడనం కంటే ఎక్కువగా ఉండాలి. ఆ తేడాయే ఆవిరిని బయటికి తోస్తుంది. ఐదు డిగ్రీల చలిలో వాన పడుతున్నప్పుడు బయటి గాలి నిండా తేమే ఉన్నా, అంత చల్లటి గాలి మోయగలిగే ఆవిరి తక్కువ కాబట్టి తేడా బాగానే ఉంటుంది. అదే వాజేడు అడవిలో 26 డిగ్రీల దగ్గర, 95 శాతం తేమలో, ఆ తేడా సగానికంటే తక్కువకు పడిపోతుంది. జాకెట్‌కు పెట్టిన ధర తగ్గలేదు, బట్ట పాడవలేదు, కానీ తోసేది లేక ఆవిరి లోపలే నిలిచిపోతుంది. బొగత జలపాతం వైపు కొత్త జాకెట్ వేసుకుని వెళ్లినవారు అరగంటలోనే లోపల తడిసి, వెంటనే ‘లీక్ అవుతోంది’ అని సమీక్ష రాయడానికి కారణం ఎక్కువసార్లు ఇదే.

నిజంగా లీక్ అయిందో, చెమటే చేరిందో తెలుసుకోవడం కష్టం కాదు. జాకెట్ విప్పిన వెంటనే దాన్ని తిరగేసి చేత్తో తడిమి చూడండి. నీరు లోపలికి వస్తే అది కొన్ని చోట్లే వస్తుంది: భుజాల మీద పట్టీ ఆనే చోట, జిప్పు పొడవునా ఛాతీ మీద ఒక చారగా, మెడ వెనుక, మణికట్ల దగ్గర. చెమట అలా చోటు ఎంచుకోదు. ముంజేతుల లోపలి వైపు, బ్యాగు ఆనిన వీపు అంతటా, చంకల కింద సన్నటి మంచులాగా సమంగా పరుచుకుని ఉంటుంది. ముంజేతులు తడిసి భుజాలు పొడిగా ఉన్నాయంటే మీ జాకెట్ తన పని సరిగ్గానే చేసింది.

అందువల్ల మన గుట్టలకు కావలసింది గాలి ఆడే ఏర్పాటు. వరి నాట్లు వేసే ఆడవాళ్లు నెత్తి నుంచి నడుము దాకా వేసుకునే ప్లాస్టిక్ కవరును గమనించండి: ముందు వైపు పూర్తిగా తెరిచి ఉంటుంది, పక్కల నుంచి గాలి వస్తూ పోతూ ఉంటుంది, వంగిన వీపు మీద మాత్రం చినుకు పడదు. రోజంతా కష్టపడి పనిచేస్తూ కూడా వాళ్లు దాన్ని భరించగలుగుతున్నారంటే కారణం ఆ తెరిచి ఉన్న పక్కలే. జాకెట్‌లో ఆ పనిని చంకల కింది జిప్పులు చేస్తాయి. మోచేతి పైభాగం నుంచి పక్కటెముకల దాకా తెరుచుకునే పొడవైన జిప్పు ఉంటే, అది ట్యాగు మీది ఏ అంకెకన్నా మీకు ఎక్కువ ఉపయోగపడుతుంది. కేవలం స్థానికంగా నడవడానికే అయితే నేను జాకెట్ కొనమని అనేవాణ్నే కాదు. తల మీది నుంచి తగిలించుకుని బ్యాగుతో సహా వదులుగా కప్పే పోంచో తీసుకోమనేవాణ్ని. అయితే పోంచో పాదాల ముందు చూపును కొంత అడ్డుకుంటుంది, గాలికి లేస్తుంది, పరికి కంపకు పట్టుకుంటుంది. పాండవుల గుట్టలాంటి చోట తడిసిన బండల మీద చేతులు ఆనించి ఎక్కేటప్పుడు దాన్ని విప్పి బ్యాగులో పెట్టుకోవడమే క్షేమం.

జాకెట్ బట్ట ఎలా తయారవుతుందో కొద్దిగా తెలిస్తే ధరల తేడా అర్థమవుతుంది. పైన నైలాన్ లేదా పాలిస్టర్ బట్ట, దాని లోపలి ముఖానికి నీటిని ఆపే పొర ఉంటాయి. ఆ పొరకు విడిగా వేలాడే లైనింగ్ కుడితే రెండు పొరల జాకెట్, పొర మీద సన్నటి ముద్రణ లాంటి పూత వేసి వదిలేస్తే రెండున్నర పొరల జాకెట్, లోపల మరో సన్నటి బట్టను కూడా అతికిస్తే మూడు పొరల జాకెట్ అంటారు. రెండున్నర పొరలది తేలికగా, చవకగా ఉంటుంది, కానీ చెమట పట్టిన చేతికి లోపలి వైపు జిగటగా అంటుకుంటుంది. మూడు పొరలది ఎక్కువ కాలం మన్నుతుంది, ధర కూడా అలాగే ఉంటుంది. పొరలోనూ రెండు ముఖ్యమైన రకాలు ఉన్నాయి. 1969లో బాబ్ గోర్ కనుగొన్న, టెఫ్లాన్‌ను సాగదీసి చేసే సూక్ష్మరంధ్రాల పొర ఒకటి. గోర్‌టెక్స్‌కు పేరు తెచ్చింది అదే. మీ ధరలో దొరికేవి చాలావరకు రెండో రకం, పాలియురెథేన్ పూత వేసినవి. అవి చెడ్డవేమీ కావు. వేడి, తేమ కలిస్తే మాత్రం ఆ పూత క్రమంగా విచ్ఛిన్నమై, మొదట జిగురుగా మారి, తర్వాత పొట్టులా రాలుతుంది. తడి జాకెట్‌ను మడిచి సజ్జ మీద పడేసి మన వరంగల్ ఎండాకాలమంతా అక్కడే వదిలేస్తే, రెండు మూడేళ్లకే ఆ గతి పట్టవచ్చు. పూర్తిగా ఆరబెట్టి, నీడ పట్టున హ్యాంగర్‌కు వేలాడదీయండి.

దుకాణంలో అయినా, ఇంటికి పార్సిల్ వచ్చాక అయినా, జాకెట్‌ను మొట్టమొదట తిరగేయండి. ప్రతి కుట్టూ సూది చేసిన రంధ్రాల వరుసే కాబట్టి, కుట్ల మీద లోపలి వైపు వేడితో అతికించిన టేపు ఉండాలి. కొన్ని కంపెనీలు భుజాలకు, హుడ్‌కు మాత్రమే టేపు వేసి మిగతావి వదిలేస్తాయి. మీకు అన్ని కుట్లకూ టేపు ఉన్నదే కావాలి. చంక దగ్గర నాలుగు కుట్లు కలిసే చోట టేపు ఒకదాని మీద ఒకటి సరిగ్గా పడిందా, అంచును గోటితో మెల్లగా గీకితే లేస్తోందా అన్నది చూడండి. నాణ్యత ఎక్కడ తగ్గించారో ఆ చోటే చెప్పేస్తుంది. ముందు జిప్పు మీద బట్ట మడత ఉండాలి, లేదా జిప్పే నీరు చొరబడని రకమై ఉండాలి. రెండూ ఉంటే మరీ మంచిది.

తర్వాత హుడ్ వేసుకుని తలను పక్కకు తిప్పండి. మీ చూపుతో పాటు హుడ్ కూడా తిరగాలి. తల తిరిగి హుడ్ అక్కడే ఉండిపోతే, అడుగు వేసే చోటు చూడటానికి మీరు దాన్ని వెనక్కి నెట్టుకుంటారు, అప్పుడు మెడలోకి నీరు పోతుంది. ముందు వైపు గట్టి అంచు, తల వెనుక బిగించుకునే నాడా ఉంటే ఈ ఇబ్బంది ఉండదు. కళ్లద్దాలు పెట్టుకునేవారికి ఆ గట్టి అంచు లేని హుడ్ పనికిరాదు. చేతులు రెండూ పైకెత్తి చూడండి: జాకెట్ కింది అంచు బెల్టు పైకి లేవకూడదు, మణికట్లు బయటపడకూడదు. ఈ పరీక్షంతా లోపల ఒక ఫ్లీస్, అంటే వెచ్చదనం కోసం వేసుకునే మెత్తటి నూగు పాలిస్టర్ కోటు, వేసుకుని చేయండి; హన్మకొండ ఉక్కపోతలో ఫ్లీస్ వేసుకున్నందుకు దుకాణదారు నవ్వితే నవ్వనివ్వండి, హేమ్‌కుండ్‌లో ఆ ఫ్లీస్ మీదే జాకెట్ వేసుకోవలసి ఉంటుంది. జేబులు కాస్త ఎత్తులో లేకపోతే బ్యాగు నడుము పట్టీ కింద అణిగిపోయి వాటిలో చెయ్యి పెట్టడమే కుదరదు. బట్టలోని దారం మందాన్ని డెనియర్లలో చెబుతారు. 20 డెనియర్ల బట్ట తేలికే గానీ మన అడవుల్లోని వెదురు కొమ్మలకు, ముళ్లకు నిలవదు. 40 నుంచి 70 మధ్య ఉన్నది ఎంచుకోండి.

కొత్త జాకెట్ మీద నీరు ముత్యాల్లా జారిపోవడానికి కారణం లోపలి పొర కాదు, పైబట్టకు పట్టించిన ఒక రసాయనం. అది పోయినప్పుడు పైబట్ట నీరు తాగి బరువెక్కుతుంది; లోపలి పొర అప్పటికీ నీటిని ఆపుతూనే ఉన్నా, ఆవిరి బయటికి పోయే దారి మూసుకుపోయి మీకు లోపలంతా చల్లగా, తడిగా అనిపిస్తుంది. ఫ్లోరిన్ రసాయనాల వల్ల కలిగే హాని దృష్ట్యా ఇప్పుడు చాలా కంపెనీలు అవి లేని పూతలకు మారాయి. ఈ కొత్త పూతలు నీటిని ఆపుతాయి గానీ నూనెను తట్టుకోలేవు. మన ఇళ్లలో తలకు కొబ్బరినూనె రాసుకునే అలవాటు ఉన్నవారి జాకెట్‌లో మొదట పాడయ్యేది హుడ్ లోపలి అంచు, మెడపట్టీ. అక్కడ నల్లటి జిడ్డు గీత కనిపిస్తే ఉతకవలసిన సమయం వచ్చినట్టే. ఉతికితే పాడవుతుందన్నది అపోహ. మామూలు సర్ఫు పొడి కాకుండా ద్రవ రూపంలో ఉన్న తేలికపాటి సబ్బు వాడి, సువాసన కోసం కలిపే కండిషనర్లేవీ వేయకుండా, రెండుసార్లు మంచినీటిలో జాడించి నీడన ఆరబెట్టండి. లోపలి ట్యాగు మీద ఇస్త్రీ గుర్తు కొట్టివేసి లేకపోతే, పైన పల్చటి నూలు బట్ట పరిచి తక్కువ వేడి మీద ఇస్త్రీ పెట్టె తిప్పండి. ఆ వేడికి పూత మళ్లీ చురుకుగా పనిచేస్తుంది. అప్పటికీ నీరు జారకపోతే పైన చల్లే స్ప్రేలు దొరుకుతాయి.

మీరు చెప్పిన మూడింటి విషయానికి వస్తే, చౌరస్తా రెయిన్‌కోటు గురించి దుకాణదారు అబద్ధం చెప్పలేదు. పీవీసీ పూత వేసిన బట్ట గుండా నీరు రాదు. కాజీపేట దాకా బండి మీద వెళ్లడానికి అంతకంటే మంచిది అవసరం లేదు. కానీ అందులోంచి ఆవిరి కూడా ఏమాత్రం పోదు కాబట్టి హేమ్‌కుండ్ ఎక్కే మనిషి లోపల పూర్తిగా తడిసి పైకి చేరతాడు, ఆగిన మరుక్షణం చలి పట్టుకుంటుంది. 20,000 అంకె ఉన్న జాకెట్‌కు మీరు పంపిన వివరాల్లో చంక జిప్పులు లేవు, బట్ట 20 డెనియర్లే. 10,000 అంకె ఉన్నదానికి అన్ని కుట్లకూ టేపు, చంక జిప్పులు, సర్దుబాటు చేసుకునే హుడ్ ఉన్నాయని రాశారు. అది నిజమైతే నేను రెండో ఆలోచన లేకుండా దాన్నే తీసుకుంటాను. మిగిలిన డబ్బుతో వాన ప్యాంటు ఒకటి తప్పకుండా కొంటాను, ఎందుకంటే తొడలు తడిసి చల్లబడితే పైన ఎంత మంచి జాకెట్ ఉన్నా చాలదు.

లోపల నూలు బనియన్ మాత్రం వేసుకోకండి. నూలు తడిస్తే త్వరగా ఆరదు, వేడిని నిలపదు. మన గొల్లకురుమలు వానలో గొంగడి కప్పుకుని గొర్ల వెంట తిరగగలగడానికి కారణం ఉన్ని తడిసినా కొంత వెచ్చదనాన్ని నిలుపుకోవడమే. మీకు గొంగడి మోసే అవసరం లేదు, పాలిస్టర్ టీషర్టు, దాని మీద ఫ్లీస్ చాలు. ఎక్కేటప్పుడు ఫ్లీస్ విప్పి బ్యాగులో పెట్టుకోండి, పైకి చేరి ఆగగానే చెమట ఆరకముందే వేసుకోండి. బ్యాగు లోపల సామాన్లన్నిటికీ కలిపి ఒక మందపాటి ప్లాస్టిక్ కవరు వేయండి. బయట వేసే కవరు వీపు వైపు నుంచి వచ్చే నీటిని ఆపదు.

జాకెట్‌ను జూలై మొదట్లోనే తెప్పించుకోండి, వాపసు గడువు ఎన్ని రోజులో ముందే చూసుకోండి. వచ్చిన రోజే లోపల లేత బూడిద రంగు నూలు చొక్కా వేసుకుని, దాని మీద జాకెట్ వేసి, పుస్తకాలో బియ్యం సంచో పెట్టి బరువు చేసిన పాత బ్యాగు తగిలించుకుని స్నానాల గదిలో షవర్ కింద పదిహేను నిమిషాలు నిలబడండి. మధ్యలో ముందుకు వంగండి, చేతులు పైకెత్తండి. నూలు బట్టను నడకకు వద్దన్నాను గానీ ఈ పరీక్షకు అదే కావాలి, ఎందుకంటే బూడిద రంగు నూలు మీద చిన్న చుక్క పడినా మచ్చ ముదురుగా కనిపిస్తుంది. నడవకుండా ఒకేచోట నిలబడి ఉంటారు కాబట్టి చెమట లెక్కలోకి రాదు. మచ్చ ఎక్కడ కనిపిస్తే అక్కడి నుంచే నీరు వచ్చింది. భుజాల మీద, జిప్పు వెంట కనిపిస్తే ఆరబెట్టి వాపసు పంపండి. మెడ దగ్గర మాత్రమే కనిపిస్తే హుడ్ వెనుక నాడా బిగించి మరొకసారి ప్రయత్నించండి, చాలాసార్లు దానితోనే సరిపోతుంది.